పియానో నుంచి ఆర్కెస్ట్రాకు: ఆరు రూపాంతరాల్లో మీకేది సరిపడుతుంది?

మా పక్కింటి అమ్మాయి నాలుగేళ్లుగా పియానో నేర్చుకుంటోంది. ఈ మధ్య మాస్టారు రష్యన్ స్వరకర్త ముసోర్గ్‌స్కీ రాసిన 'చిత్రప్రదర్శన' లోంచి ఒక చిన్న భాగం సాధన చేయమని ఇచ్చారట. వాళ్ల నాన్న ఫోనులో వెతికితే ఒకచోట ఒక్క మనిషి పియానో ముందు కూర్చుని వాయిస్తున్నాడు. ఇంకోచోట వేదిక నిండా జనం వాయిస్తున్నారు. మూడోచోట అదే బాణీ మరో రకంగా వినిపిస్తోంది. "వీటిలో అసలుది ఏదండీ? పిల్లకు ఏది వినిపించమంటారు?" అని మా ఇంటికి వచ్చారు.

మొదటి ప్రశ్నకు జవాబు ఒక్క ముక్కలో చెప్పాను: పియానోదే అసలుది. రెండో ప్రశ్నకు ఆ సాయంత్రమంతా పట్టింది, రెండు విడతల కాఫీ కూడా. ఆయనలాగే ఈ రూపాంతరాల ముందు నిలబడి ఎటు వెళ్లాలో తేల్చుకోలేని వారి కోసం ఆ సాయంత్రం చెప్పినదాన్ని కాస్త సర్ది రాస్తున్నాను.

ముందు ఒక అనుమానం తీర్చుకుందాం. పియానోకో, నలుగురు వాయించే క్వార్టెట్‌కో రాసినదాన్ని ఆర్కెస్ట్రాకు మార్చడం అసలుకు ద్రోహం చేయడమేమో అని కొందరు జంకుతారు. జర్మన్ స్వరకర్త బాఖ్‌కు ఆ జంకు లేదు. ఒక్క వయొలిన్ కోసం తాను రాసిన ఇ మేజర్ పార్టీటా అనే భాగాల వరసలోని తొలి భాగాన్ని, అంటే ప్రెల్యూడ్‌ను, 1731లో తానే కాంటాటా అనే గానకృతికి నాందిగా మార్చుకున్నాడు. వయొలిన్ స్వరాలను ఆర్గన్‌కు అప్పగించి, చుట్టూ తంత్రీ వాద్యాలు, ట్రంపెట్లు, టింపనీ పెట్టాడు. అదే ప్రెల్యూడ్ చుట్టూ రెండున్నర శతాబ్దాల తరవాత మద్రాసులో ఇళయరాజా మరో అల్లిక అల్లారు. ద్రోహమనుకుంటే మొదటి ముద్దాయి బాఖే.

## ముందుగా చూసుకోవలసినవి

ఇంట్లో కీబోర్డు ఉంటే ఒక పని చేయండి. పియానో శబ్దం పెట్టి, మధ్యలో ఒక మెట్టును గట్టిగా నొక్కి, వేలు తీయకుండా వినండి. నొక్కిన క్షణంలో ఉన్న మోత మరుక్షణానికి ఉండదు. ఆ తరవాత ఎంత ఒత్తినా నాదం పెరగదు, తరుగుతూనే ఉంటుంది. వీణ తీగ కూడా అంతే, మీటినప్పటి నుంచే ఆరిపోవడం మొదలు. అయితే వైణికులు ఆరిపోతున్న నాదాన్ని తీగ లాగి, గమకంతో బతికిస్తారు. పియానోలో వేలు తీగను తాకదు, సుత్తి తాకుతుంది. అందుకని పియానోకు రాసేవారు ఆ ఖాళీని వేరే ఉపాయాలతో పూడుస్తారు: ఒకే స్వరాన్ని గబగబా కొట్టడం, రెండు స్వరాల మధ్య వణికించడం, ఒక్కసారిగా మోగవలసిన స్వరాలను కిందినుంచి పైకి విరజిమ్మడం.

ఆర్కెస్ట్రాకు మార్చేవారికి మొదటి పరీక్ష ఇక్కడే ఎదురవుతుంది. వయొలిన్ కమాను నడిచినంతసేపూ స్వరం నిలుస్తుంది, పెరుగుతుంది కూడా. అలాంటప్పుడు పియానో పూడికలను ఉన్నవి ఉన్నట్టు వయొలిన్లకు దించేస్తే కుట్టుమిషను చప్పుడు వస్తుంది. వాటిలో ఏది సంగీతం, ఏది పియానో లోటు కప్పడానికి వేసిన అతుకు అన్నది తేల్చుకోవాలి. కాబట్టి నేను ఏ రూపాంతరాన్నయినా మొదట ఈ ప్రశ్నతోనే వింటాను: మూల వాద్యానికి చేతకానిది ఏమిటి, ఆర్కెస్ట్రా దాన్ని చేసిందా?

రెండోది, దానికి చెల్లించిన మూల్యం. పియానో దగ్గర, నలుగురి క్వార్టెట్ దగ్గర ఒక చనువు ఉంటుంది. పక్కన కూర్చుని మాట్లాడుతున్నట్టు ఉంటుంది. అరవైమంది ఒకేసారి మాట్లాడితే ఆ చనువు కొంతయినా పోతుంది.

మూడోది, మార్చినవారి చేయి ఎంత కనబడుతోంది. కొందరు వెనక నిలబడతారు, కొందరు ముందుకొచ్చి కూర్చుంటారు. రెండూ తప్పు కాదు, కాని మీరు వింటున్నది ఎవరిని అన్న ఎరుక ఉండాలి.

ఇక నిడివి, మీ దగ్గరున్న సరంజామా. దీన్ని చిన్న విషయం అనుకోవద్దు. ఫోను స్పీకరులో డబుల్ బాస్ అనే వాద్యం ఉండదు. నిజంగానే ఉండదు, ఆ మంద్రస్థాయి దానికి పలకదు. ఫోనులో విని ఆర్కెస్ట్రా కన్నా పియానోయే బాగుందని తేల్చినవాళ్లను నేను చూశాను.

| రచన | మూల వాద్యం | మార్చినవారు | నిడివి సుమారుగా | దక్కేది | పోయేది |
|---|---|---|---|---|---|
| ముసోర్గ్‌స్కీ, చిత్రప్రదర్శన | పియానో | రవెల్, 1922 | 33 నిమిషాలు | రంగులు, నిలిచే నాదం | మొరటుతనం |
| బాఖ్, టొకాటా, ఫ్యూగ్ (డి మైనర్) | ఆర్గన్ | స్టొకోవ్‌స్కీ, 1920ల్లో | 9 నిమిషాలు | ఉప్పెన | గీత గీసినట్టుండే స్పష్టత |
| బ్రామ్స్, పియానో క్వార్టెట్ (జి మైనర్) | పియానో, మూడు తంత్రీ వాద్యాలు | షేన్‌బర్గ్, 1937 | 42 నిమిషాలు | ప్రతి స్వరం వినబడటం | బ్రామ్స్ నిగ్రహం |
| షూబర్ట్, మృత్యువు-కన్య | తంత్రీ క్వార్టెట్ | మాలర్, 1890ల్లో | 40 నిమిషాలు | బరువు, లోతు | ఒంటరి గొంతు |
| షోస్తకోవిచ్, ఎనిమిదో క్వార్టెట్ | తంత్రీ క్వార్టెట్ | బర్షాయ్ | 22 నిమిషాలు | భయం | దాదాపు ఏమీ పోదు |
| రవెల్, కూప్రాన్ సమాధి | పియానో | రవెల్ స్వయంగా, 1919 | 17 నిమిషాలు | తేట, చలువ | రెండు భాగాలు |

## ముసోర్గ్‌స్కీ – రవెల్

విక్టర్ హార్ట్‌మన్ అనే వాస్తుశిల్పి, చిత్రకారుడు 1873లో చనిపోయాడు. మరుసటి ఏడు సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో మిత్రులు అతని బొమ్మలతో ప్రదర్శన పెట్టారు. స్నేహితుడైన ముసోర్గ్‌స్కీ ఆ బొమ్మల మధ్య తిరిగిన అనుభవాన్ని 1874 జూన్‌లో కొద్ది వారాల్లో పియానో మీదికి ఎక్కించాడు. బొమ్మకూ బొమ్మకూ మధ్య నడక కూడా ఉంటుంది, దాని పేరు 'ప్రొమెనాడ్'. ఆయన బతికి ఉండగా ఇది అచ్చుకాలేదు. 1881లో ఆయన పోయాక, 1886లో రిమ్‌స్కీ-కోర్సకోవ్ దిద్ది వేయించాడు. ఆ దిద్దుబాటు ముచ్చట చివర్లో మళ్లీ వస్తుంది.

1922లో కుస్సెవిట్‌స్కీ అనే కండక్టరు (ఆర్కెస్ట్రాను నడిపించేవాడు) అడిగితే ఫ్రెంచి స్వరకర్త రవెల్ దీన్ని ఆర్కెస్ట్రాకు మార్చాడు. ఇందులో రెండు చోట్లు దగ్గరగా వినండి. 'పాత కోట' అనే భాగంలో పియానో ఎడమచేయి మొదటినుంచి చివరిదాకా ఒకే మంద్రస్వరాన్ని శ్రుతిలా కొడుతూ ఉంటుంది. మనకు తంబురా అలవాటే కనుక ఆ పట్టు వెంటనే దొరుకుతుంది. పైన పాడే బాణీని రవెల్ ఆల్టో శాక్సఫోన్‌కు ఇచ్చాడు. ఆర్కెస్ట్రాలో ఆ వాద్యం అరుదైన అతిథి. పియానోలో ఒక్కొక్క స్వరం పుట్టి ఆరిపోతూ పూసల్లా వస్తే, శాక్సఫోన్‌లో అదే బాణీ ఒకే ఊపిరిగా సాగుతుంది. రెండోది 'సమాధి గుహలు'. పియానోలో పెద్ద స్వరగుచ్ఛం కొట్టి, అది గుహలో ప్రతిధ్వనిలా ఆరిపోతుంటే ఎదురుచూడాలి. రవెల్ అక్కడ ఇత్తడి వాద్యాలు పెట్టాడు, వాటిలో స్వరం ఆరదు, గోడలా నిలబడుతుంది. ఇక్కడ మాత్రం నా ఓటు పియానోకే. ఆరిపోవడమే ఆ గుహల సంగతి అని నాకనిపిస్తుంది.

చివరి 'కీవ్ మహాద్వారం'లో కూడా ఇదే తగువు. పియానో మీద ముసోర్గ్‌స్కీ చర్చి గంటలను అనుకరించాడు. రవెల్ నిజం గంటనే తెచ్చి పెట్టాడు. గంట మోగగానే ఒళ్లు జలదరిస్తుంది, ఒప్పుకుంటాను. కాని పది వేళ్లతో గంటలు వినిపించేవారిని చూసే అబ్బురం వేరు.

రవెల్ చేతిలో అంతా పాలిష్ పట్టిన రోజ్‌వుడ్‌లా ఉంటుంది. రష్యన్ మొరటుతనం పోయిందని చిరాకుపడినవారిలో కండక్టరు స్టొకోవ్‌స్కీ ఒకరు. ఆయన 1939లో తన రూపాంతరం తయారుచేసుకుంటూ, ఫ్రెంచి వాసన కొట్టే రెండు భాగాలను ఏకంగా ఎత్తేశాడు. గొర్చకోవ్ 1954లో, పియానో విద్వాంసుడు అష్కెనాజీ 1982లో తమతమ రూపాలు రాశారు. మొదటిసారి వినేవారు వీటిజోలికి పోనక్కరలేదు. రవెల్ విని, 'ఇంత అందంగా ఎందుకుంది?' అన్న అనుమానం వచ్చిన రోజున స్టొకోవ్‌స్కీని వెతకండి. పియానోలో అయితే 1958లో సోఫియాలో రిక్టర్ వాయించిన కచేరీ రికార్డు దొరుకుతుంది. జనం దగ్గులు, ఒకటి రెండు తప్పు స్వరాలు అన్నీ అందులో ఉన్నాయి, అయినా దాన్ని పక్కన పెట్టడం కష్టం. ఆర్కెస్ట్రాకు 1957లో కండక్టరు రైనర్, చికాగో బృందం చేసినది ఇప్పటికీ ధాటిగా వినబడుతుంది.

## బాఖ్ – స్టొకోవ్‌స్కీ

తొమ్మిది నిమిషాలే కనుక ఓపిక లేనివారికి ఇదే మొదటి మెట్టు. డిస్నీ 1940లో తీసిన 'ఫాంటాసియా' చూసినవారికి తెలిసే ఉంటుంది, ఆ సినిమా ఆరంభమయ్యేది దీనితోనే.

ఇక్కడ సమస్య పియానోకు తిరగబడి ఉంటుంది. ఆర్గన్ మెట్టు నొక్కి ఉంచినంతసేపూ నాదం తరగదు. తరగకపోవడమే కాదు, వేలి ఒత్తిడితో పెరగదు కూడా. స్టొకోవ్‌స్కీ స్వయంగా చర్చిలో ఆర్గన్ వాయించి పైకొచ్చినవాడు, దాని లోటు వేళ్లకు తెలుసు. ఫిలడెల్ఫియా ఆర్కెస్ట్రాలో వయొలిన్ వాళ్లందరూ కమానును ఒకేసారి తిప్పాలన్న నియమాన్ని ఆయన తీసేశాడు. ఎవరి వీలును బట్టి వారు తిప్పుకుంటే అతుకు ఎక్కడా వినబడదు, నాదం తెగని పట్టుచీర అంచులా సాగుతుంది. 1927లో ఆ బృందంతోనే ఆయన చేసిన రికార్డింగులో ఆ ప్రవాహం ఇప్పటికీ వినవచ్చు.

వెల? ఫ్యూగ్‌లో ఒకే బాణీని గొంతు తరవాత గొంతు అందుకుంటూ పోతుంది. ఎవరు ఎప్పుడు వచ్చారో విడివిడిగా వినబడితేనే దాని రుచి. స్టొకోవ్‌స్కీ ఉప్పెనలో ఆ గీతలు అక్కడక్కడా చెరిగిపోతాయి. బాఖ్ వీరాభిమానులు దీనికి మూతి ముడుస్తారు. వారికి నా చిన్న చురక ఏమిటంటే, ఈ రచనకు బాఖ్ చేతిరాత ప్రతి దొరకలేదు, ఇది ఆయనదేనా అని సందేహించే పండితులు ఉన్నారు.

గీతలే కావాలంటే స్వరకర్త వెబర్న్ దగ్గరికి వెళ్లండి. బాఖ్ 'మ్యూజికల్ ఆఫరింగ్'లోని ఆరు గొంతుల రిచెర్కార్‌ను (ఫ్యూగ్ లాంటిదే) ఆయన 1934–35లో ఆర్కెస్ట్రాకు మార్చాడు. ఒకే బాణీని ముక్కలు చేసి, కొన్ని స్వరాలు ట్రాంబోన్‌కు, తరవాతివి హార్న్‌కు, ఆ తరవాతివి ట్రంపెట్‌కు పంచాడు, మధ్యలో హార్ప్ చుక్కలు పెడుతుంది. మొదటిసారి వింటే పూలదండను తెంపి పూలు ఒక్కొక్కటిగా చేతికిస్తున్నట్టు ఉంటుంది. మూడోసారికి దండ కనబడుతుంది. మొదటి పరిచయానికి మాత్రం ఇది వద్దు.

## బ్రామ్స్ – షేన్‌బర్గ్

ఈ ఆరింటిలో నాకు బాగా ఇష్టమైనది ఇదే, అందరికీ ధైర్యంగా సిఫారసు చేయలేనిదీ ఇదే.

బ్రామ్స్ దీన్ని 1861లో ముగించాడు. హాంబర్గ్‌లో తొలిసారి వాయించినప్పుడు పియానో దగ్గర కూర్చున్నది క్లారా షూమన్. పియానో, వయొలిన్, వయోలా, చెల్లో, అంతే నలుగురు. 1937లో అమెరికాలో ఉన్న ఆస్ట్రియా స్వరకర్త షేన్‌బర్గ్ దీన్ని పెద్ద ఆర్కెస్ట్రాకు మార్చాడు. మరుసటి ఏడు లాస్ ఏంజిలిస్‌లో కండక్టరు క్లెంపరర్ తొలి ప్రదర్శన ఇచ్చాడు. ఈ పని ఎందుకు చేశావని అడిగిన ఒక విమర్శకుడికి షేన్‌బర్గ్ రాసిన జవాబు సారాంశం ఇది: ఈ రచన తనకిష్టం, దీన్ని వాయించేవారు తక్కువ, వాయించినా పియానో విద్వాంసుడు ఎంత గొప్పవాడైతే అంత గట్టిగా వాయించి తంత్రీ వాద్యాలను ముంచేస్తాడు, ఒక్కసారైనా అన్నీ వినాలని తన కోరిక. మన కచేరీల్లో మృదంగం కింద వయొలిన్ నలిగిపోవడం ఎరిగినవారికి ఈ బాధ చెప్పకుండానే అర్థమవుతుంది.

విడ్డూరం ఏమిటంటే, ఇరవయ్యేళ్ల ముందు వియన్నాలో ఇదే షేన్‌బర్గ్ ఒక సంఘం పెట్టి, పెద్ద ఆర్కెస్ట్రా రచనలను గుప్పెడు వాద్యాలకు కుదించి వినిపించాడు. అప్పుడూ కారణం అదే, లోపలున్నది వినబడాలి.

మరి ఇందులో అన్నీ వినబడతాయా? వినబడతాయి. ఆయన పియానోను పూర్తిగా తీసేశాడు. అది విరజిమ్మిన స్వరాలను వాద్యాల మధ్య పంచాడు. మొదటి మూడు భాగాల్లో మీరు బ్రామ్స్ ఐదో సింఫొనీ వింటున్నామని భ్రమపడవచ్చు, దానికి ఆ ముద్దుపేరు ఉండనే ఉంది. హంగేరీ రోమా వాద్యగాళ్ల తరహాలో సాగే నాలుగో భాగం రాగానే భ్రమ వదిలిపోతుంది. చెక్కపలకల జైలోఫోన్ టకటకలాడుతుంది, లోహపు పలకల గ్లాకెన్‌స్పీల్ మెరుస్తుంది. బ్రామ్స్ జన్మలో జైలోఫోన్‌కు ఒక్క స్వరం రాసినవాడు కాడు. పెళ్లి పెద్ద హఠాత్తుగా తీన్‌మార్ వేసినట్టుంటుంది. నాకు నవ్వొస్తుంది, ఆనందమేస్తుంది. బ్రామ్స్‌ను గడ్డంతో, గాంభీర్యంతో ప్రేమించేవారికి ఆ చోట ఒళ్లు మండవచ్చు. అలాంటివారు మూల క్వార్టెట్ దగ్గరే ఉండిపోవడం మేలు.

## షూబర్ట్ – మాలర్, షోస్తకోవిచ్ – బర్షాయ్

ఈ రెండింటినీ కలిపి చూడటమే న్యాయం. రెండూ రెండు వయొలిన్లు, ఒక వయోలా, ఒక చెల్లో వాయించే క్వార్టెట్లే. రెండింటినీ ఊదే వాద్యాలు లేకుండా తంత్రీ వాద్యాల బృందానికే మార్చారు. రంగు మారదు, మనుషుల సంఖ్య మారుతుంది, కిందన డబుల్ బాస్ చేరుతుంది. పైకి చూస్తే ఇంతకన్నా తేలికైన మార్పు లేదు. ఫలితాల్లో మాత్రం చాలా తేడా ఉంది.

షూబర్ట్ డి మైనర్ క్వార్టెట్ 1824 నాటిది, అప్పటికే ఆయన జబ్బుతో ఉన్నాడు. రెండో భాగం 1817లో తాను రాసిన 'మృత్యువు, కన్య' పాట బాణీ మీద అల్లినది. పెద్ద హాలులో నలుగురి నాదం చివరి వరసకు చేరదు కనుక బృందాన్ని పెంచాలి అన్నది స్వరకర్త, కండక్టరు మాలర్ వాదం. 1894లో హాంబర్గ్‌లో రెండో భాగం ఒక్కటే వాయించాడు, పెద్దగా మెప్పు దొరకలేదు. 1899లో వియన్నాలో బేతోవెన్ ఓపస్ 95 క్వార్టెట్‌కు ఇదే మర్యాద చేస్తే శ్రోతలు గొడవ చేశారు. షూబర్ట్ మిగతా భాగాలకు ఆయన ప్రతిలో రాసుకున్న గుర్తుల ఆధారంగా డేవిడ్ మాథ్యూస్, డొనాల్డ్ మిచెల్ 1984లో మొత్తాన్ని వెలుగులోకి తెచ్చారు.

మొదటి భాగంలో తలుపు బాదినట్టుండే ఆరంభం అరవైమంది చేతిలో భయపెడుతుంది, అక్కడ లాభమే. నష్టం రెండో భాగంలో ఉంది. ఆ బాణీని మార్చి మార్చి వాయించే రూపాల్లో మొదటిదానిలో పై వయొలిన్ ఎక్కిళ్లు పెడుతున్నట్టు తెగితెగి పలుకుతుంది. ఒక్క మనిషి వాయిస్తే కమాను గరుకు, వేలి వణుకు, అందీ అందని పై స్వరం అన్నీ కలిసి అది ఏడుపు అవుతుంది. పదహారు మంది ఒకేసారి వాయిస్తే ఒకరి గరుకును మరొకరు నునుపు చేస్తారు. అందమైన ఏడుపు మిగులుతుంది. నా మట్టుకు నేను మొదటి, చివరి భాగాలు మాలర్‌లో విని, మధ్యలో నలుగురి దగ్గరికి పారిపోతాను. ఇలా వినకూడదని ఎవరైనా అంటే అననివ్వండి.

షోస్తకోవిచ్ సంగతి వేరు. 1960 జులైలో ఒక సినిమాకు సంగీతం రాయడానికి డ్రెస్డెన్ వైపు వెళ్లి, దగ్గర్లోని గోరిష్ అనే ఊళ్లో మూడు రోజుల్లో, 12 నుంచి 14లోపు, ఎనిమిదో క్వార్టెట్ రాసేశాడు. పైన 'ఫాసిజానికి, యుద్ధానికి బలైనవారికి' అని అంకితం. స్నేహితుడికి రాసిన ఉత్తరంలో మాత్రం ఇది తన సంస్మరణకే అన్న ధోరణి కనబడుతుంది. జర్మన్ పద్ధతిలో తన పేరులోని అక్షరాలను స్వరాలుగా మార్చి (డి, ఇ ఫ్లాట్, సి, బి) ఆ నాలుగింటినే రచనంతా తిప్పుతాడు. మొదటి నిమిషంలోనే చెల్లో ఆ సంతకం పెడుతుంది.

దీన్ని మార్చిన రుడోల్ఫ్ బర్షాయ్ స్వయంగా క్వార్టెట్లలో వయోలా వాయించినవాడు, నలుగురి మధ్య ఏం జరుగుతుందో లోపలినుంచి తెలుసు. ఎక్కడ అందరినీ వాడాలో, ఎక్కడ ఒక్కరినే వదలాలో ఎంచుకున్నాడు. నాలుగో భాగంలో ఒక స్వరం సన్నగా నిలిచి ఉంటే, మూడు దెబ్బలు పడతాయి. బాంబులంటారు కొందరు, అర్ధరాత్రి తలుపు మీద పోలీసు పిడికిలి అంటారు మరికొందరు. క్వార్టెట్‌లో అవి పక్కింటి తలుపు మీద పడినట్టుంటాయి, డబుల్ బాసులు చేరాక మన తలుపు మీదే. కాసేపటికి చెల్లో పైస్థాయిలో ఒంటరిగా షోస్తకోవిచ్ ఒపేరాలోని పాత పాట ఒకటి తలచుకుంటుంది. ఆ ఒంటరితనం చెడలేదు. బర్షాయ్ స్వయంగా చేయించిన రికార్డింగులు ఉన్నాయి, అవే వినండి. నిద్రకు ముందు మాత్రం వద్దు.

## రవెల్ – రవెల్

సొంత రచనను సొంతంగా మార్చినప్పుడు ఎవరి చేయి అన్న పేచీ ఉండదు. 'కూప్రాన్ సమాధి' (కూప్రాన్ పాతకాలపు ఫ్రెంచి స్వరకర్త) ఆరు భాగాల పియానో రచన, 1914–17 మధ్య రాసినది. ఒక్కో భాగం మొదటి ప్రపంచయుద్ధంలో పోయిన స్నేహితులకు అంకితం. సంగీతం మాత్రం శోకంగా ఉండదు, పాత ఫ్రెంచి నాట్యాల నడకలో తేలికగా సాగుతుంది. 1919లో ఆర్కెస్ట్రాకు మారుస్తూ నాలుగే తీసుకుని ఫ్యూగ్‌ను, టొకాటాను వదిలేశాడు. టొకాటా అంతా ఒకే మెట్టును మెరుపువేగంతో కొట్టే పియానో విద్య. మార్చనక్కరలేనిది ఏదో తెలియడం కూడా ఈ పనిలో భాగమేనని ఆయన్ను చూస్తే తెలుస్తుంది. మొదటి భాగంలో ఒబో అనే ఊదే వాద్యం ఊపిరి తీసుకోకుండా తిరుగుతూనే ఉంటుంది, పాపం ఆ వాద్యగాడిని తలచుకుంటే జాలేస్తుంది. బృందం చిన్నది, కాబట్టి మామూలు ఇయర్‌ఫోన్‌లోనూ బాగా వినబడుతుంది.

ఇలా సొంతంగా మార్చుకున్నవాటిలో ద్వోర్జాక్ స్లావొనిక్ నాట్యాలు (1878) ఉన్నాయి. బార్బర్ క్వార్టెట్‌లోని అడాజియో ఉంది, దాన్ని 1938లో కండక్టరు టోస్కనీనీ రేడియోలో వాయించాక మూలం క్వార్టెట్ అన్న సంగతే జనం మరిచిపోయారు. ఎనిమిది నిమిషాలు, ఎవరికైనా పడుతుంది.

## మరి మీకేది?

సినిమా పాటల్లో వయొలిన్ల గుంపు ఎగసినప్పుడు మనసు ఎగిరేవారికి స్టొకోవ్‌స్కీ, ఆ వెంటనే బార్బర్. కర్ణాటక సంగీతం వింటూ పెరిగి, ఒకేసారి ఇన్ని వాద్యాలు దేనికని విసుగుపడేవారు షోస్తకోవిచ్‌తో మొదలుపెట్టవచ్చు. నాలుగు స్వరాల చుట్టూ తిరిగే ఆ పట్టుదల వారికి పరాయిగా అనిపించదు. పియానో నేర్చుకునేవారికి రవెల్ రెండూ, తప్పకుండా పుస్తకం ముందు పెట్టుకుని. సింఫొనీలు ఇప్పటికే వింటున్నవారు నేరుగా షేన్‌బర్గ్ దగ్గరికి పోవచ్చు. అమెరికాలోనో, యూరప్‌లోనో ఉండి కచేరీ హాలు అందుబాటులో ఉన్నవారు ముసోర్గ్‌స్కీ–రవెల్‌కు టికెట్టు దొరికితే వదలకండి. చివరి ద్వారం ఏ స్పీకరులోనూ పూర్తిగా పట్టదు.

మూలం ముందా, రూపాంతరం ముందా? క్వార్టెట్లయితే మూలమే ముందు వినమంటాను. ఆర్కెస్ట్రా అలవాటయ్యాక నలుగురూ పలచగా అనిపించే ప్రమాదం ఉంది. పియానో రచనలకు ఎటునుంచి వచ్చినా ఫరవాలేదు.

ఆ సాయంత్రం పక్కింటాయనకు రవెల్ పేరు రాసిచ్చి పంపాను. మూడు రోజుల తరవాత అమ్మాయే పుస్తకం పట్టుకుని వచ్చింది. మాస్టారు ఇచ్చింది 'బిడ్వో' అట, ఎద్దుబండి. "అంకుల్, ఇక్కడ మొదటి స్వరం నుంచే చాలా గట్టిగా అని ఉంది. ఆర్కెస్ట్రాలో ట్యూబా వాళ్లేమో ఎక్కడో దూరంనుంచి వస్తున్నట్టు మెల్లగా మొదలుపెట్టారు. ఎవరు తప్పు?" అంది. ఎవరూ కాదు. ముసోర్గ్‌స్కీ గట్టిగానే రాశాడు, 1886 అచ్చులో రిమ్‌స్కీ-కోర్సకోవ్ దాన్ని మెల్లగా మొదలై పెరిగేలా దిద్దాడు. రవెల్ చేతికి అందింది ఆ దిద్దిన ప్రతి. అందుకే ఆయన బండి దూరంనుంచి వస్తుంది.

"అంటే అసలు బండి మన కాళ్ల మీదికే వస్తుందన్నమాట" అని వెళ్లిపోయింది. పది నిమిషాల తరవాత గోడ అవతలినుంచి కీబోర్డు మోగింది, ఎడమచేయి ఎంత బరువుగా పడగలదో అంత బరువుగా. ఆ వెంటనే వాళ్ల నాన్న "వాల్యూమ్ తగ్గించమ్మా" అనడం కూడా వినబడింది.